నివేదికలో అంకె, నేలలో బాధ్యత: రసాయన కంపెనీల ప్రక్షాళన ఖర్చులను ఎలా చదవాలి?

తొలకరి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నాన్నగారు ఒక రసాయన కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగులకు ఇచ్చిన షేర్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. వాటి వ్యవహారం ఈ మధ్య నాకు అప్పగించారు. మాతృసంస్థ అమెరికాలో నమోదైనది, లెక్కలు అక్కడి పద్ధతిలోనే ఉంటాయి.

వార్షిక నివేదిక చివరి పేజీల్లో ఒక పేరా దగ్గర ఆగిపోయాను. పాత ప్లాంటు స్థలాల్లో నేలను, భూగర్భ జలాలను శుభ్రం చేయడానికి కంపెనీ కొంత సొమ్ము కేటాయించింది. ఆ వెంటనే, అంతకు మించి ఖర్చయ్యే అవకాశం ఉందని, అది ఎంతో ఇప్పుడు చెప్పలేమని రాశారు. చెప్పలేని మొత్తాన్ని లెక్కలో ఎలా చూపుతారు? కేటాయించిన సొమ్ము సరిపోతుందో లేదో బయటివాళ్లు తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

షేర్లు అమ్మాలా, ఉంచాలా అన్నది నా ప్రశ్న కాదు. నాన్నగారు జీవితమంతా గడిపిన చోట నేల కింద ఏముందో తెలుసుకోవాలని ఉంది.

---

జమాఖర్చు

తొలకరి గారూ, సరైన పేరా దగ్గరే ఆగారు. చాలామంది లాభనష్టాల పట్టిక చూసి పుస్తకం మూసేస్తారు.

అమెరికా పద్ధతిలో కేటాయింపు చూపాలంటే రెండు షరతులు నెరవేరాలి. ఖర్చు మీద పడే అవకాశం బలంగా ఉండాలి, ఎంత పడుతుందో సహేతుకంగా అంచనా వేయగలగాలి. అసలు మెలిక రెండో షరతులో ఉంది. అంచనా ఒకే అంకెగా కాక ఒక పరిధిగా వచ్చిందనుకోండి. ఊహకు 10 కోట్ల డాలర్ల నుంచి 60 కోట్ల వరకు అనుకుందాం. ఆ పరిధిలో ఏ అంకె కూడా మిగతావాటికంటే మెరుగైనది కాదని యాజమాన్యం భావిస్తే, నియమం ప్రకారం అట్టడుగు అంకెనే పుస్తకాల్లో రాయాలి. అంటే 10 కోట్లు. మిగతా 50 కోట్లు మీరు చదివిన ఆ వాక్యంలోకి వెళ్లిపోతాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 37 ఇదే సందర్భంలో మధ్య అంకె తీసుకోమంటుంది, అంటే 35 కోట్లు. అదే నేల, అదే విషం. ప్రమాణం మారితే చాలు, బాధ్యత మూడున్నర రెట్లవుతుంది.

ఇంకో సంగతి. ప్రక్షాళన అంచనా ఒక్కసారిగా పుట్టదు, దశలవారీగా పెరుగుతుంది. ప్రభుత్వం నోటీసు ఇచ్చిన కొత్తలో పరిశోధన ఖర్చు మాత్రమే రాస్తారు. మట్టి, నీటి నమూనాలు తీసి, ప్రత్యామ్నాయాలు పరిశీలించి, ఫలానా పద్ధతిలో శుభ్రం చేయాలని నియంత్రణ సంస్థ నిర్ణయించే నాటికి అసలు ఖర్చు బయటపడుతుంది. ఈ మధ్యలో ఏళ్లు గడుస్తాయి. అందుకే చిన్న కేటాయింపు కనిపించినప్పుడు అది చిన్న కాలుష్యమా, ఇంకా తవ్వి చూడని కాలుష్యమా అని అడగాలి.

ఒక్క ఏడాది నివేదిక చూస్తే ఏమీ తెలియదు. పదేళ్లవి పక్కపక్కన పెట్టండి. ఏటా ఎంత ఖర్చు చేశారు, ఏటా కొత్తగా ఎంత కలిపారు, మిగిలినది ఎంత అన్న మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. ఖర్చు చేస్తున్నా నిల్వ తగ్గకుండా ఉంటే, మొదటి అంచనా తక్కువని కంపెనీ తన లెక్కలతోనే ఒప్పుకుంటున్నట్టు.

---

బావిగట్టు

నేను భూగర్భ జలాల మనిషిని. కలుషిత స్థలాల్లో బోర్లు వేయించి నమూనాలు తీయడమే ఇన్నేళ్లుగా నా వృత్తి. జమాఖర్చు గారు అంకె ఎందుకు పెరుగుతుందో పుస్తకం వైపు నుంచి చెప్పారు. నేల వైపు నుంచి నేను చెబుతాను.

ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకాన్ని తీసుకోండి. లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి దశాబ్దాల పాటు విచ్చలవిడిగా వాడారు. ఇది నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. నేలలోకి ఇంకితే నీటిమట్టం దగ్గర ఆగదు, ఇంకా కిందికి దిగుతుంది. ఎక్కడో బంకమట్టి పొర తగిలితే దాని మీద మడుగు కడుతుంది. ఆ మడుగు కొద్దికొద్దిగా కరుగుతూ, పక్కన పారే నీటిని ఏళ్ల తరబడి చెడగొడుతుంది. అమెరికాలో తాగునీటిలో దీనికి అనుమతించే పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క లీటరు ద్రావకం దాదాపు 29 కోట్ల లీటర్ల నీటిని ఆ పరిమితికి తీసుకురావడానికి చాలు. ఒక్క డ్రమ్ము కారిపోతే ఏమవుతుందో మీరే గుణించుకోండి.

'పంపుతో తోడి శుద్ధి చేస్తాం' అని నివేదికల్లో రాస్తారు. మొదటి కొన్నేళ్లు గాఢత బాగా పడిపోతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత గీత అడ్డంగా సాగుతుంది. ఎందుకంటే రసాయనం అప్పటికే బంకమట్టి రంధ్రాల్లోకి దూరి ఉంటుంది. చుట్టూ నీరు శుభ్రపడగానే అది మళ్లీ బయటికి రావడం మొదలవుతుంది. పంపు ఆపితే అంకె లేస్తుంది. ముప్పై ఏళ్లుగా పంపులు తిరుగుతున్న స్థలాలు చూశాను. కాబట్టి తొలకరి గారూ, 'ఇప్పుడు చెప్పలేము' అన్న మాట కొంతవరకు నిజం. బోరు వేసిన చోట మాత్రమే నేల మనతో మాట్లాడుతుంది. రెండు బోర్ల మధ్య ఏముందో ఊహించాల్సిందే.

---

మూడో షిఫ్టు

ఒక మాట చెప్పాలి. నేను ప్లాంటులో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇలాంటి చర్చల్లో కంపెనీలన్నీ కావాలనే విషం పోశాయన్న ధ్వని వినిపిస్తే బాధ కలుగుతుంది. 1950లలో, 60లలో వ్యర్థాలను గుంట తవ్వి పూడ్చడం ఆనాటి మామూలు పద్ధతి. చట్టం కూడా ఒప్పుకుంది. ఆనాటి మనుషులను ఈనాటి ప్రమాణాలతో కొలిచి, ఈనాటి ఉద్యోగుల జీతాల్లోంచి వసూలు చేయడం న్యాయమా?

---

వకాల్తా

మూడో షిఫ్టు గారూ, మీ బాధ అర్థమైంది. ప్రశ్న కూడా సరైనదే. దీనికి అమెరికా 1980 డిసెంబరులో, కలుషిత స్థలాల ప్రక్షాళన కోసం తెచ్చిన సూపర్‌ఫండ్ చట్టంతో చాలా కఠినమైన సమాధానం చెప్పింది. ఆ చట్టం కింద బాధ్యతకు తప్పు చేశారని రుజువు చేయనక్కర్లేదు. చట్టం రాకముందు చేసిన పనికీ అది వర్తిస్తుంది. ఒకే చోట పదిమంది వ్యర్థాలు పడేస్తే, నష్టాన్ని విడదీయడం సాధ్యం కానప్పుడు, అందులో ఒక్కరి నుంచి కూడా మొత్తం ఖర్చు రాబట్టవచ్చు. ఆ ఒక్కరూ మిగతావారి మీద దావా వేసుకుని తమ డబ్బు తెచ్చుకోవాలి. మిగతావారు దివాలా తీసి ఉంటే వారి వాటా కూడా బతికున్నవారి మీదే పడుతుంది.

ఇంత కఠినమైన చట్టం ఎందుకు వచ్చిందో లవ్ కెనాల్ కథ చెబుతుంది. హుకర్ కెమికల్ కంపెనీ నయాగరా ఫాల్స్ ఊళ్లో ఒక పాత కాలువ గుంతలో 1942 నుంచి 1953 వరకు దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని పాఠశాల బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. కింద రసాయనాలు ఉన్నాయని, ఇకపై తమకు బాధ్యత లేదని దస్తావేజులోనే రాసింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించాల్సి వచ్చింది. హుకర్‌ను అప్పటికే, 1968లోనే, ఆక్సిడెంటల్ పెట్రోలియం కొనేసింది. చివరికి ఆ కొనుగోలుదారే 1994లో న్యూయార్క్ రాష్ట్రానికి 9.8 కోట్ల డాలర్లు, 1995లో ఫెడరల్ ప్రభుత్వానికి 12.9 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

డాలరుకు అమ్మిన స్థలం అది. దస్తావేజులోని షరతు ఎవరినీ కాపాడలేదు.

న్యాయమా అని అడిగారు. ఆ వ్యర్థాల వల్ల వచ్చిన లాభం కంపెనీ మూలధనంలో ఇప్పటికీ ఉంది. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకు అందులో వాటా లేదు. ఎవరో ఒకరు చెల్లించక తప్పనప్పుడు లాభం పొందిన చేయి ముందు చెల్లించాలి. నాకు ఇది న్యాయంగానే కనిపిస్తుంది.

---

మూడో షిఫ్టు

ఆఖరి మాట ఒప్పుకుంటాను. మొత్తం ఒక్కరి మీద వేయడం మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

---

తొలకరి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకో సందేహం. నేను చూస్తున్న కంపెనీ కొన్నేళ్ల క్రితం తన పాత వ్యాపారాలను వేరే కంపెనీగా విడదీసింది. ఆ ఏడాది నుంచి నివేదికలో స్థలాల సంఖ్య తగ్గింది. అంటే ఆ బాధ్యత నిజంగా వెళ్లిపోయినట్టేనా?

---

వకాల్తా

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. కెర్-మెగీ అనే అమెరికా కంపెనీ సంగతి వినండి.

కెర్-మెగీకి చమురు, సహజవాయువు వ్యాపారం ఉంది. దశాబ్దాలుగా పోగైన పాత బాధ్యతలూ ఉన్నాయి: క్రియోజోట్‌తో కలపను శుద్ధి చేసిన స్థలాలు, నవాజో ప్రాంతంలో యురేనియం గనులు, నెవాడాలోని హెండర్సన్ దగ్గర పెర్‌క్లోరేట్ (రాకెట్ ఇంధనంలో వాడే రసాయనం) కాలుష్యం. 2005, 2006లలో రసాయన వ్యాపారాన్ని, దానితో పాటు ఈ పాత బాధ్యతలను ట్రోనాక్స్ పేరుతో విడదీసింది. విలువైన చమురు ఆస్తులు పాత పేరుతోనే మిగిలాయి. ఆ తర్వాత కొద్ది నెలలకే వాటిని అనాడార్కో అనే మరో చమురు కంపెనీ కొన్నది. 2009 జనవరిలో ట్రోనాక్స్ దివాలా తీసింది. అప్పులవాళ్లను, ప్రభుత్వాన్ని తప్పించుకోవడానికే ఆస్తులు బదిలీ చేశారని దావా పడింది. 2013 డిసెంబరులో దివాలా కోర్టు ఆ వాదనతో ఏకీభవించింది. మరుసటి ఏడాది అనాడార్కో 515 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. అందులో దాదాపు 440 కోట్లు పర్యావరణ ప్రక్షాళనకు, సంబంధిత క్లెయిములకు వెళ్లాయి. బాధ్యతను విడదీసి పంపితే అది ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి, ఆస్తులు కొన్నవారి తలుపు తట్టింది.

డ్యూపాంట్ 2015లో కెమూర్స్‌ను విడదీసింది. పాత ఫ్లోరిన్ రసాయనాల బాధ్యతలు చాలావరకు కెమూర్స్‌కు చేరాయి. 2019లో ఆ కొత్త కంపెనీయే మాతృసంస్థ మీద కోర్టుకెక్కింది. విడదీసేటప్పుడు చూపిన గరిష్ఠ అంచనాలు వాస్తవానికి చాలా తక్కువన్నది దాని వాదన. చివరికి 2021లో కెమూర్స్ సగం, డ్యూపాంట్, దాని నుంచే విడిపోయిన కోర్టెవా కలిసి సగం భరించేలా ఒప్పందం కుదిరింది. 2023లో ఈ మూడూ కలిసి అమెరికా తాగునీటి సంస్థలకు 118.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించాయి.

జపాన్‌లో దారి వేరు. మినమాటాలో పాదరసం వదిలిన చిస్సో కంపెనీ, 2011లో వ్యాపారమంతా జేఎన్‌సీ అనే అనుబంధ సంస్థకు మార్చి, బాధితుల పరిహార బాధ్యతను తన దగ్గరే ఉంచుకుంది.

మీ కంపెనీ విషయంలో విడదీసిన నాటి ఒప్పందం వెతకండి. నష్టపరిహార హామీ ఎవరు ఎవరికి ఇచ్చారు, దానికి గరిష్ఠ పరిమితి ఉందా, గడువు ఉందా అన్నవి అందులో ఉంటాయి. హామీ ఇచ్చిన కంపెనీ బలహీనంగా ఉంటే ఆ హామీ కూడా బలహీనమే.

---

జమాఖర్చు

వకాల్తా గారి మాటకు చిన్న చేర్పు. ప్రమాదకర వ్యర్థాలను శాశ్వతంగా పూడ్చిన స్థలాలను మూసేశాక సాధారణంగా 30 ఏళ్ల సంరక్షణ ఉండాలని అమెరికా నిబంధన. దానికి ఆర్థిక హామీ చూపాలి. ట్రస్టు నిధి కావచ్చు, బ్యాంకు గ్యారంటీ కావచ్చు. 'మా ఆర్థిక స్థితే హామీ' అని కంపెనీ పరీక్షలో నెగ్గి చూపవచ్చు కూడా. ఈ మూడోదాన్ని నేను నమ్మను. కంపెనీ కూలిన రోజునే ఆ హామీ కూడా కూలుతుంది, మనకు హామీ అవసరమయ్యేది ఆ రోజునే.

---

కంచె పక్కన

కొన్ని నెలలుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా ఇల్లు ఒక రసాయన కర్మాగారానికి దగ్గర. ఎవరి పేరూ చెప్పను. మీరంతా నేల గురించి, పాత గుంటల గురించి మాట్లాడుతున్నారు. మాకు సమస్య గాలి. కొన్ని రాత్రులు తీపిగా ఉండే ఒక వాసన వస్తుంది. మా అమ్మ కిటికీలు మూసి తడిబట్ట పెడుతుంది. కంపెనీ నివేదికలో ఉద్గారాలు ఏటా తగ్గుతున్నట్టు అందమైన గీత ఉంటుంది. ఆ గీతకు, మా కిటికీకి ఎందుకు పొంతన కుదరదు? మూడో షిఫ్టు గారు చెప్పగలరా?

---

మూడో షిఫ్టు

చెబుతాను. దాచకుండా చెబుతాను.

నివేదికల్లోని ఉద్గారాల అంకెల్లో ఎక్కువ భాగం కొలిచినవి కావు, లెక్కగట్టినవి. ఇన్ని వాల్వులు, ఇన్ని పంపులు, ఇన్ని ఫ్లాంజీలు, ఒక్కోదాని నుంచి సగటున ఇంత కారుతుంది అన్న గుణకాలతో గుణించి కూడతాం. కానీ ప్లాంటులో లీకు సగటుగా ఉండదు. వేల జాయింట్లలో అత్యధికం బాగానే ఉంటాయి, ఏవో కొన్ని మొత్తం నష్టంలో సింహభాగం కారుస్తాయి. ఆ కొన్నింటిని పట్టుకోవడానికి క్రమం తప్పకుండా మీటరుతో ప్రతి జాయింటూ తనిఖీ చేయాలి. చేయడం విసుగు. షెడ్యూలు వెనకబడినప్పుడు మొదట వాయిదా పడే పని అదే, నా కళ్లతో చూశాను.

ఫ్లేర్ సంగతి కూడా అంతే. అదే, పొగగొట్టం మీద మండే మంట. అది వచ్చిన వాయువులో 98 శాతం కాల్చేస్తుందని లెక్కల్లో రాసుకుంటాం. పొగ రాకుండా ఆవిరి ఎక్కువ కలిపినా, వాయువులో మండే పదార్థం తగ్గినా ఆ సామర్థ్యం పడిపోతుంది. నివేదికలో మాత్రం 98 అలాగే ఉంటుంది.

కంచె దగ్గర గాలిని కొలవడమే దీనికి విరుగుడు. అమెరికాలో పెట్రోలియం శుద్ధి కర్మాగారాలకు 2015 నిబంధన ఈ పద్ధతి తెచ్చింది. కంచె చుట్టూ బెంజీన్ కొలవాలి, ఏడాది సగటు లోపలి వనరుల వల్ల ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి సరిచేయాలి. 2024లో రసాయన కర్మాగారాల కోసం తెచ్చిన నిబంధనలో ఎథిలీన్ ఆక్సైడ్, క్లోరోప్రీన్, వినైల్ క్లోరైడ్ వంటివి కూడా చేర్చారు. ప్లాంటు లోపల మేము ఏ గుణకం వాడుకున్నా కంచె దగ్గర పెట్టిన కొలత గొట్టం నిజం చెబుతుంది. నేను ఇంజనీరుగా దీన్ని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే అప్పుడే మరమ్మతుకు బడ్జెటు వస్తుంది.

మీరు వాసన వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం, గాలి వీచే దిక్కు రాసిపెట్టండి. అలాంటి పుస్తకం ఒకటి ఉంటే, ఏ యూనిట్ ఆ సమయంలో ఏం చేస్తోందో మా వంటివాళ్లు వెనక్కి వెళ్లి చూడగలుగుతారు.

ఇక మీకు వాసన రాని వాయువుల మాట. అడిపిక్ ఆమ్లం అనేది నైలాన్‌కు ముడిసరుకు. ఒక టన్ను తయారైతే, అదుపు లేకపోతే, దాదాపు 300 కిలోల నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. భూతాపం విషయంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అంటే టన్ను సరుకుకు సుమారు 82 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దాన్ని కాల్చి లేదా ఉత్ప్రేరకంతో 95 శాతానికి పైగా నాశనం చేసే యంత్రాలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఇంత పెద్ద మేలు ఇంత తక్కువ ఖర్చుతో దొరికే చోటు పరిశ్రమలో చాలా అరుదు. కాబట్టి ఏ కంపెనీ నివేదికలోనైనా 'సౌర ఫలకాలు పెట్టాం' అన్న ఫోటోకంటే ముందు ఇలాంటి ప్రక్రియ వాయువుల లెక్క వెతకండి.

---

కంచె పక్కన

కృతజ్ఞతలు. ఈ రోజు నుంచే పుస్తకం పెడుతున్నాను. ఇంత సూటిగా లోపలివాళ్లెవరూ మాకు ఇంతవరకు చెప్పలేదు.

---

బావిగట్టు

గాలి వేరు, నేల వేరు అనుకుంటాం కాబట్టి ఒకటి చెప్పాలి. ఈ రోజు గాలిలోకి వదిలినది రేపు భూగర్భ జలాల ఖాతాలో తేలుతుంది.

ఉత్తర కరోలినాలోని ఫాయెట్‌విల్ కెమూర్స్ ప్లాంటు చుట్టుపక్కల ఇళ్ల బావుల్లో జెన్ఎక్స్ వంటి ఫ్లోరిన్ రసాయనాలు కనిపించాయి. వాటిలో చాలా బావులకు ప్లాంటు వ్యర్థజలాలు చేరే దారే లేదు. పొగగొట్టాల నుంచి వెలువడినవి గాలితో పాటు వెళ్లి, వానతో నేలకు దిగి, ఇంకి బావుల్లోకి చేరాయి. 2019లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కంపెనీ 1.2 కోట్ల డాలర్ల జరిమానా కట్టాలి, ఆ రసాయనాలను 99.99 శాతం నాశనం చేసే దహన యంత్రం పెట్టాలి, బావులు చెడిన ఇళ్లకు మంచి నీరు ఇవ్వాలి. ఆ యంత్రం ముందే ఉంటే బావుల్లోకి ఇంత చేరేది కాదు.

పైగా పరిమితులు మారుతుంటాయి. 2024 ఏప్రిల్‌లో అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటిలో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండు ఫ్లోరిన్ రసాయనాలకు లీటరుకు 4 నానోగ్రాముల పరిమితి పెట్టింది. అదే నెలలో ఆ రెండింటినీ సూపర్‌ఫండ్ చట్టం కింద ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చింది. ముందు రోజు శుభ్రంగా లెక్కలోకి వచ్చిన నీరే మరునాడు కలుషితమైంది. నీటిలో ఏమీ మారలేదు. కేటాయింపులు ఇలా కూడా పెరుగుతాయి.

---

ఎర్రమట్టి

అమెరికా సంగతులే చెబుతున్నారు. భోపాల్ మాటేమిటి? అక్కడ ఎవరు శుభ్రం చేశారు?

---

వకాల్తా

సూటిగా చెప్పాలంటే, అక్కడ నేల ఇంకా శుభ్రపడలేదు.

1984 డిసెంబరు 2 రాత్రి వాయువు లీకైంది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అది ప్రమాద బాధితుల పరిహారం. ఫ్యాక్టరీ ఆవరణలో, బయటి ఆవిరి చెరువుల్లో అంతకు ముందు నుంచీ పోగైన వ్యర్థాలు వేరే సంగతి. స్థలం 1998లో రాష్ట్ర ప్రభుత్వానికి తిరిగి వెళ్లింది. 2001లో ఆ ఫ్యాక్టరీ మాతృసంస్థ యూనియన్ కార్బైడ్‌ను డౌ అనే అమెరికా రసాయన కంపెనీ కొన్నది, భోపాల్ బాధ్యత తనకు సంక్రమించలేదన్న వైఖరి తీసుకుంది. ఆవరణలో మూటకట్టి ఉంచిన దాదాపు 337 టన్నుల వ్యర్థాలు పీథంపూర్‌కు కదిలింది 2025 జనవరిలో, అంటే నలభై ఏళ్లకు. ఆ ఏడాదే వాటిని కాల్చారు. నేలలోకి, నీటిలోకి దిగినది ఆ 337 టన్నుల్లో లేదు.

మన చట్టానికి బలం లేదనడం మాత్రం సరికాదు. ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసు తర్వాత మన సుప్రీంకోర్టు ప్రమాదకర పరిశ్రమలకు ఏ మినహాయింపూ లేని సంపూర్ణ బాధ్యత సూత్రం చెప్పింది. 1996లో రాజస్థాన్ బిచ్‌డీ గ్రామం కేసులో కాలుష్యం చేసినవారే ప్రక్షాళన ఖర్చూ భరించాలని తీర్పిచ్చింది. అక్కడ హెచ్-ఆమ్లం (రంగుల తయారీలో వాడే రసాయనం) తయారీ వ్యర్థాల వల్ల బావుల నీళ్లు రంగు మారి తాగడానికి, పొలానికి పనికిరాకుండా పోయాయి. దాదాపు 37 కోట్ల రూపాయలు కట్టాలన్న ఆదేశాన్ని కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లతో లాగింది. 2011లో కోర్టు ఆ మొత్తానికి 12 శాతం చక్రవడ్డీ వేసింది. తీర్పు గొప్పది. ఆ పదిహేనేళ్లూ ఆ బావులు అలాగే ఉన్నాయి, అది తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

---

తొలకరి (ఎనిమిది రోజుల తర్వాత)

జమాఖర్చు గారు చెప్పినట్టు పదేళ్ల నివేదికలు తీసి కాగితం మీద రాశాను. పదేళ్లలో ఏడేళ్లు, ఖర్చు పెట్టిన దానికి దాదాపు సమానంగా మళ్లీ కలిపారు. నిల్వ ఎక్కడిదక్కడే ఉంది. మరొకటి గమనించాను. ఒక్క ఏడాది మాత్రం కేటాయింపు బాగా తగ్గింది. కారణంగా ఒకే వాక్యం ఉంది: ఒక స్థలంలో పద్ధతి మార్చి, కాలుష్యం దానంతటదే సహజంగా తగ్గడాన్ని పర్యవేక్షిస్తే చాలని నియంత్రణ సంస్థ ఒప్పుకుందట.

అసలు విషయం ఇది కాదు. బావిగట్టు గారి రాత నాన్నగారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితం అడిగి, తాను చేరిన కొత్తలో ప్లాంటు ఎలా ఉండేదో గీశారు. బాయిలర్ ఇల్లు, ద్రావకాల గోదాము, వెనక వ్యర్థాల చెరువులు. మూడు చెరువులు గీశారు. కంపెనీ ప్రజలకు విడుదల చేసిన ప్రక్షాళన పత్రంలో రెండే ఉన్నాయి. మూడోదాన్ని మట్టితో నింపి దాని మీద గిడ్డంగి కట్టారని నాన్నగారు చెప్పారు. ఆయన పొరబడి ఉండవచ్చు, వయసు పైబడింది. కానీ ఆ గిడ్డంగి గచ్చు ఏటా కుంగేదని, తానే రెండుసార్లు సరిచేయించానని కూడా చెప్పారు.

నేనేం చేయాలి?

---

బావిగట్టు

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. పాత ఉద్యోగులతో మాట్లాడటం స్థల పరిశోధనలో తప్పనిసరి భాగం. పటాలు పోతాయి, మనుషులకు గుర్తుంటుంది. నింపిన గుంట మీద గచ్చు కుంగడం చాలా సహజం, కాబట్టి ఆయన మాటను తేలిగ్గా తీసుకోకండి. పాత వైమానిక ఛాయాచిత్రాలు దొరికితే ఒక్క పూటలో తేలిపోతుంది. ఆయనను మరో మూడు అడగండి: చెరువుకు అడుగున బంకమట్టి పరిచారా, ఏ యూనిట్ నుంచి గొట్టం వచ్చేది, నింపే ముందు అడుగు బురద తీశారా. జవాబు తెలియకపోతే తెలియదనే రాయండి. ఊహ కలపకండి.

సహజ తగ్గుదల గురించి: అది మోసం కాదు, కొన్ని రసాయనాలను సూక్ష్మజీవులు నిజంగానే విరగ్గొడతాయి. అయితే మధ్యలో వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోతే, పుట్టినది మొదటిదానికంటే ప్రమాదకరం. పర్యవేక్షణ నివేదికల్లో దాని అంకె ప్రత్యేకంగా చూడండి.

---

వకాల్తా

నోటితో చెప్పవద్దు, ఉత్తరంగా పంపండి. ఒక ప్రతి కంపెనీ కార్యదర్శికి, ఒకటి ఆ స్థలాన్ని పర్యవేక్షిస్తున్న నియంత్రణ సంస్థకు. ఆరోపణ చేయవద్దు. 'ఫలానా చోట చెరువు ఉండేదని మాజీ ఉద్యోగి చెబుతున్నారు, అక్కడ నమూనాలు తీశారా?' అన్న ఒక్క ప్రశ్న చాలు. రాతపూర్వకంగా తెలిసిన తర్వాత 'మాకు తెలియదు' అనే మాట ఇక చెల్లదు.

---

జమాఖర్చు

షేర్‌హోల్డరుగా ఆడిట్ కమిటీకి కూడా ఒక ప్రతి పంపండి. కొత్త స్థలం గురించి సమాచారం అందితే ఆడిటర్లు అంచనాను మళ్లీ చూడాల్సి ఉంటుంది.

---

మూడో షిఫ్టు

పటంలో ద్రావకాల గోదాము నుంచి మూడో చెరువుకు కాలువ ఏ దిక్కుగా ఉండేదో నాన్నగారిని అడగండి. వాలు అటే అయితే బోరు ఎక్కడ వేయాలో సగం తెలిసినట్టే.

---

తొలకరి

అడిగాను. కాలువ తూర్పుకు, గేటు వైపు. అడుగున బంకమట్టి పరవలేదు. బురద తీశారో లేదో ఆయనకు తెలియదు, అలాగే రాశాను. ఏ ఏడాది వరకు ఆ చెరువు వాడారో కూడా గుర్తు చేసుకుని చెప్పారు. పటాన్ని శుభ్రంగా మళ్లీ గీసి, ఉత్తరం దిక్కు గుర్తు వేసి, కింద సంతకం, తేదీ పెట్టారు. మూడు కవర్లూ సిద్ధంగా ఉన్నాయి, రేపు ఉదయం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.